ఒడ్డున గూళ్ళు: సున్నా

కోర్టు వరండాలో బెంచీ మీద కూర్చున్న తాబేలక్కకు ఎడమ కాలు తిమ్మిరెక్కి గంటయింది. లేచి నాలుగడుగులు వేస్తే పోతుంది. కానీ లేస్తే బెంచీ పోతుంది. ఆ మూరెడు జాగా కోసం ముగ్గురు నిలబడి చూస్తున్నారు. అందుకని కాలిని దాని మానాన వదిలేసింది. ఒళ్ళో గోనెసంచి, సంచిలో మూడు నోటుపుస్తకాలు. పొద్దున ఆరింటికి బస్సెక్కింది. ఇప్పుడు రెండు దాటింది. మధ్యలో కడుపులో పడింది రెండు బన్నులు.

ఇలా రావడం ఇది మూడోసారి. మొదటిసారి జడ్జి సెలవు. రెండోసారి ప్లీడరుకు జ్వరం. కోర్టుకు వచ్చిన రోజున హాజరు పట్టీలో ఆమె పేరు పక్కన గీత పడుతుంది. గీత పడితే ఆ రోజు కూలి లేదు. ఏ డిపార్టుమెంటు రమ్మంటే వచ్చిందో ఆ డిపార్టుమెంటే గీత పెడుతుంది. ఇదేం న్యాయమని ఫారెస్టు రేంజరును అడిగితే, "రూలు అక్కా" అన్నాడు. రూలు అన్నాక ఇక మాట్లాడేదేముంది.

ఆమె అసలు పేరు ఆ పట్టీలోనే ఉంది. పిలిచేవాళ్ళకి మాత్రం తాబేలక్కే. నది మలుపులో ఇసుక తిన్నె మీద గుడ్లు పెట్టే తాబేళ్ళకు కాపలా ఉండడం, గూళ్ళు లెక్కపెట్టి పుస్తకంలో రాయడం ఆమె పని. పద్నాలుగేళ్ళుగా రోజుకూలీ. ఆ జాతి తాబేలు ఇంకెంతో కాలం ఉండదని పెద్దవాళ్ళెవరో ఒక జాబితా రాసుకున్నారట. ఆ జాబితాలో దీని పేరు పైవరసలోనే ఉందట. తాబేలుకు ఆ సంగతి తెలియదు. ఏటా చలి తగ్గే వేళకు వస్తుంది, గుంట తవ్వుతుంది, గుడ్లు పెడుతుంది, ఇసుక కప్పి వెళ్ళిపోతుంది. ఏటా అదే తిన్నె. ఇంకో చోటు చూసుకుందామన్న తెలివి దానికి లేదు.

మనుషులకు ఆ తెలివి కావలసినంత ఉంది. కిందటేడు డిపార్టుమెంటు ఒక నిర్ణయం తీసుకుంది. మలుపు దగ్గర తాబేళ్ళు ఇక గుడ్లు పెట్టడం లేదు కాబట్టి అక్కడ రక్షణ అక్కర్లేదని, ఇసుక తవ్వుకోవచ్చని. రిటైరైన సైన్సు మాస్టారొకాయన ఆ నిర్ణయం సబబో కాదో చూడమని కోర్టుకెక్కాడు. ఆయన డిపార్టుమెంటుకు ఎదుటి పక్షం. తాబేలక్క డిపార్టుమెంటు పక్షం. అలాగని ఆమెను ఎవరూ అడగలేదు, రాసుకున్నారంతే.

మాస్టారు వరండాలో ఆ చివరి నుంచి ఈ చివరికి తిరుగుతూ ఆమె దగ్గర ఆగాడు. చేతిలో సంచీ, సంచీ నిండా కాయితాలు.

"ఏమ్మా, తిన్నావా?"

"తిన్నానండి. జడ్జిగారు ఒకసారి నది దగ్గరికి వచ్చి చూస్తారా మాస్టారూ?"

"రారమ్మా. తాబేళ్ళు ఉన్నాయా లేవా అన్నది ఆయన తేల్చరు. ఏం చూసి డిపార్టుమెంటు ఆ నిర్ణయం తీసుకుంది, ఆ చూసినదాంట్లోంచి ఆ నిర్ణయం వస్తుందా రాదా. అంతవరకే."

"అంటే ఫైలు చూస్తారు."

"ఫైలే."

"ఫైల్లో ఏముందండీ?"

మాస్టారు కాయితం తీసి కళ్ళజోడు సర్దుకున్నాడు. "మూడు సీజన్ల గణనలో గూళ్ళ సంఖ్య సున్నాగా నమోదైనందున, సదరు జాతి ఈ ప్రాంతాన్ని తనంతట తానుగా విడిచిపెట్టినట్లు నిర్ధారణ అయినది" అని చదివాడు. మడిచి లోపల పెట్టుకున్నాడు. "ఆ సున్నాలు నీవేనమ్మా. నేను నిన్ను తప్పు పట్టడం లేదు. కనపడకపోతే కనపడలేదనే రాస్తావు. కానీ నాకెందుకో నమ్మబుద్ధి కాదు. నలభై ఏళ్ళ నుంచి చూస్తున్నాను నేను."

ఆమె తలూపింది. ఏదో ఒకటి అనిపించాలి కదా అనుకుంది. ఏమీ అనిపించలేదు. ఈ మధ్య అన్నీ ఇలాగే ఉన్నాయి, గోడ అవతల ఎవరో మాట్లాడుకుంటున్నట్టు.

సున్నాల కథ ఆమెకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. నాలుగేళ్ళ కిందట, దిగువ రేవుకు పోయే లారీలు చుట్టుదారి మానేసి తిన్నె మీదుగా అడ్డదారి పట్టాయి. తాబేలు గుడ్లు పెట్టేది కూడా సరిగ్గా అక్కడే. మొదటి వారంలోనే నాలుగు గూళ్ళు చక్రాల కింద నలిగాయి. తాబేలక్క ఏడుస్తూ ఆఫీసుకు పరిగెత్తింది. అప్పుడు ఏడుపొచ్చేది. అప్పటి పెద్ద రేంజరు లారీలు ఎవరివో కనుక్కున్నాడు. కనుక్కున్నాక ఆయన గొంతు తగ్గింది. "లారీలను మనం ఆపలేం. గుడ్లు తీసి షెడ్డు వెనక మడి చేసి పెట్టు" అన్నాడు. నోటిమాట. అసలు ఆ గుడ్లను చేత్తో ముట్టుకోవడమే చట్టప్రకారం నేరం. ఆ మాటా ఆయనే చెప్పాడు, "ఎవరితోనూ అనకు" అని కలిపి.

ఆ రోజు నుంచి ఆమె తెల్లవారకముందే తిన్నె మీద ఉండేది. అడుగుల జాడ పట్టుకుని పోయి, గుంట విప్పి, ఒక్కో గుడ్డు నెత్తిన పెన్సిలుతో చుక్క పెట్టి, ఆ చుక్క పైకే ఉండేలా బక్కెట్లో పేర్చి, మోకాళ్ళ దాకా ఇసుకలో నడుచుకుంటూ షెడ్డుకు తెచ్చేది. గుడ్డు పక్కకు తిరిగితే లోపల పిల్ల చచ్చిపోతుంది. వలకట్టిన మడిలో అదే లోతు గుంట తవ్వి, అదే వరసలో పెట్టేది. ఎన్ని గుడ్లు తెచ్చిందో, ఎన్ని పిల్లలయ్యాయో నోటుపుస్తకం తలకిందులు చేసి వెనక నుంచి రాసుకునేది. అది ఆమె సొంత లెక్క. ముందు పేజీలు ఆఫీసువి. అందులో నెలకు రెండు సార్లు గణన రోజున నింపాల్సిన గడి ఒకటుండేది. 'ఒడ్డున ఉన్న గూళ్ళు'.

ఆమె ఒడ్డంతా కాళ్ళరిగేలా తిరిగి చూసి సున్నా అని రాసేది.

సున్నా రాసిన రోజు ఆమెకు తృప్తిగా ఉండేది. సున్నా అంటే చక్రం కింద పడడానికి ఒడ్డున ఒక్క గూడు కూడా మిగల్లేదని. ఒకటి అని రాయాల్సి వస్తే తన చేతుల్లోంచి ఒకటి జారిపోయినట్టు. మూడు సీజన్లు ఒక్కటీ జారిపోలేదు. పాస్ మార్కులు తెచ్చుకున్న పిల్లలా ఆ పుస్తకం ఆఫీసులో ఇచ్చేది. గుమాస్తా ముందు పేజీలు చూసి ఫారం మీద ఎక్కించి పుస్తకం తిరిగి ఇచ్చేసేవాడు. పెద్ద రేంజరు గుండెపోటుతో పోయాడు. కొత్తగా వచ్చిన కుర్ర రేంజరు మొదటి వారంలోనే షెడ్డు వెనక మడి చూసి, అటు తిరిగి నిలబడి, "నేను చూడలేదక్కా, నాకు చూపించకు" అన్నాడు. ఫారాలు పైకి పోయాయి. పైవాళ్ళు ఇంకా పైకి పంపారు. అక్కడ ఎవరో పెద్దాయన సున్నాలన్నీ కూడి, సున్నా వచ్చిందని సంతకం పెట్టాడు.

మూడున్నరకి రేంజరు వచ్చాడు, వెంట ప్రభుత్వ ప్లీడరు గుమాస్తా. టైపు చేసిన కాయితం ఆమె ఒళ్ళో సంచి మీద పెట్టారు.

"అఫిడవిట్ అక్కా. చదివి వినిపిస్తాను విను. గత మూడు సీజన్లలో గణన తేదీలలో సదరు ఒడ్డున తనకు గూళ్ళు ఏవియు కనిపించలేదని ప్రమాణపూర్వకంగా తెలియజేయడమైనది. అంతే. ఇందులో అబద్ధమేమన్నా ఉందా?"

ఆమె ఆలోచించింది. "లేదు సార్."

"మరి ఇంకేం?"

"వెనక పేజీలు..."

"వెనక పేజీలు నిన్ను ఎవరడిగారు?" రేంజరు ఆమె పక్కన చతికిలబడ్డాడు. అతని మొహం పీక్కుపోయి ఉంది. "చూడక్కా. అది బయటపడితే కేసు నీ మీద. గుడ్లు తీసిన చేతులు నీవి. చెప్పిన మనిషి ఫోటో అయ్యి గోడెక్కాడు. పద్నాలుగేళ్ళ నుంచి నీ పర్మనెంటు ఫైలు తిరుగుతూ తిరుగుతూ ఇప్పటికి పై ఆఫీసు టేబులు మీద పడింది. ఈ నెల్లో కదులుతుంది. చేజేతులా చెడగొట్టుకోకు."

పర్మనెంటు అయితే కోర్టుకొచ్చిన రోజు కూడా జీతం ఉంటుంది. జ్వరమొస్తే సెలవుంటుంది. భర్త పోయినప్పటి నుంచి తమ్ముడింట్లో ముందు గదిలో పడుకుంటోంది, ఒక గది అద్దెకు తీసుకోవచ్చు. ఇవన్నీ ఆమె ఎన్నోసార్లు అనుకున్నవే, కొత్తగా అనుకోవడానికి ఏమీ లేదు. గుమాస్తా పెన్ను మూత తీసి ఇచ్చాడు. ఆమె సంతకం పెట్టింది. పెట్టాక చేతి వంక చూసుకుంది. అది కూడా కాలిలాగే మొద్దుబారి ఉంది.

నాలుగు గంటలకు కేసు పిలిచారు. లోపల చల్లగా ఉంది. జడ్జి మాటిమాటికి గడియారం చూసుకుంటున్నాడు. ప్రభుత్వ ప్లీడరు అఫిడవిట్ చదివాడు. అసలు నోటుపుస్తకాలే కావాలని కోర్టు కిందటి వాయిదాలో అడిగింది కాబట్టి, బంట్రోతు వచ్చి ఆమె చేతిలోంచి సంచి తీసుకున్నాడు. మూడు పుస్తకాలూ జడ్జి ముందుకు వెళ్ళాయి. ఆయన ఒక్కొక్కటీ తిరగేశాడు.

"సున్నా. సున్నా. సున్నా. ఏ నెల చూసినా ఇదే. ఇంతకంటే స్పష్టంగా ఇంకేం కావాలి మీకు?" అని మాస్టారి తరఫు లాయరును అడిగాడు.

ఆ లాయరు చిన్నవయసు అమ్మాయి. పొద్దుటి నుంచి దగ్గుతోంది. పుస్తకాలు ఒకసారి చూడనివ్వమంది. ఇచ్చారు. చదవలేదు. చేతిలో అటూ ఇటూ తిప్పింది.

"అయ్యా, ఒక్క మాట. ఈ పుస్తకం ముందు పేజీల అంచులు తెల్లగా ఉన్నాయి. వెనక అంచులు వేలిముద్రలతో మాసిపోయి నల్లబడ్డాయి. ఇది వెనక నుంచి వాడిన పుస్తకం." తలకిందులు చేసి తెరిచింది. కాసేపు దగ్గు కూడా ఆగింది. "వెనక నుంచి పేజీలకు పేజీలు రాసి ఉంది. తేదీలున్నాయి. అంకెలున్నాయి. మూడింట్లోనూ."

జడ్జి పుస్తకం వెనక్కి తీసుకున్నాడు. తలకిందులు చేసి చదివాడు. గడియారం చూడడం మానేశాడు.

"ఇది రాసినావిడ ఉన్నారా?"

తాబేలక్క లేచింది. కాలు నిలవక బెంచీ పట్టుకుంది. బంట్రోతు రెక్క పట్టి ముందుకు నడిపించాడు.

"ఏమిటమ్మా ఇవి?"

"గుడ్లండి."

"ఎక్కడి గుడ్లు?"

"తిన్నె మీదివేనండి. లారీల దారిలో పెడుతున్నాయని తీసి షెడ్డు వెనక మడిలో పెట్టాను. మొదటి సీజను ముప్పై ఒక్క గూళ్ళు, రెండోది ఇరవై ఏడు, మూడోది ముప్పై నాలుగు."

"మరి ముందు పేజీల్లో సున్నా ఎందుకు రాశారు?"

"ఒడ్డున ఎన్ని ఉన్నాయనే కదండీ ఆ గడి. ఒక్కటీ మిగల్చలేదండి నేను."

వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. జడ్జి నవ్వలేదు.

"సున్నా అయితే మంచిదనుకున్నానండి" అంది తాబేలక్క. ఇంకేమైనా చెప్పాలా అన్నట్టు చూసింది. నాలుగేళ్ళలో ఈ సంగతి ఆమెను అడిగిన మొదటి మనిషి ఆయనే. అడిగాడు, చెప్పింది. ఇందులో ధైర్యమేమీ లేదు. వరండాలో రేంజరు అడిగి ఉంటే రేంజరుకే చెప్పేది.

"తీయమని ఎవరు చెప్పారు?"

"అప్పటి రేంజరుగారండి. పోయారు."

"రాతలో ఉందా?"

"నోటిమాటండి."

"ఇప్పటి రేంజరుకు తెలుసా?"

తాబేలక్క రేంజరు వంక చూసింది. అతను నేల చూపులు చూస్తున్నాడు. అతనికి ఇద్దరు చిన్నపిల్లలు. ఆమెకు తెలుసు, ఒకసారి షెడ్డుకు తీసుకొచ్చి తాబేలు పిల్లలను చూపించాడు.

"తాను చూడలేదని ఆయనే చెప్పారండి."

ఈసారి జడ్జి పెదవుల దగ్గర ఏదో కదిలి ఆగింది. ప్రభుత్వ ప్లీడరు లేచాడు. వెనక పేజీలు నిర్ణయం తీసుకున్న అధికారి ముందు లేనే లేవని, ఫైల్లో లేనిదాన్ని బట్టి నిర్ణయాన్ని తప్పు పట్టడానికి కోర్టుకు వీల్లేదని, పైగా ఈ మనిషి తన నేరం తానే ఒప్పుకుందని చెప్పాడు. లాయరమ్మాయి దగ్గుకుంటూనే లేచింది.

"ఫైల్లో ఎందుకు లేదన్నదే మా ప్రశ్న. డిపార్టుమెంటు మనిషి, డిపార్టుమెంటు షెడ్డు, దాని వెనక మూడు సీజన్లలో తొంభై రెండు గూళ్ళు. ఆఫీసు నుంచి నడిచి వెళ్ళగలిగే దూరం. జాతి తనంతట తాను వెళ్ళిపోయిందని రాసే ముందు, రోజూ అక్కడుండే మనిషిని ఒక్కసారి పిలిచి అడగలేదు. తెలియకపోవడం వేరు. తెలుసుకోకుండా జాగ్రత్తపడడం వేరు."

జడ్జి పుస్తకం మూసి పక్కన పెట్టాడు. తర్వాత ఉత్తర్వు చెప్పాడు, స్టెనో రాసుకుంది. తాబేళ్ళు ఎన్ని ఉన్నాయో చెప్పడం కోర్టు పని కాదు. అయితే చూడవలసింది చూడకుండా చేసిన నిర్ణయం నిర్ణయం కాదు. కాబట్టి దాన్ని డిపార్టుమెంటుకు తిప్పి పంపుతున్నాం. పన్నెండు రోజుల తర్వాత ఉభయపక్షాల ఎదుట ఒడ్డున గూళ్ళు మళ్ళీ లెక్కపెట్టాలి. కారణాలతో కొత్త నిర్ణయం రాయాలి. అందాకా గుడ్లను ఎవరూ, ఏ కారణంతోనూ ముట్టుకోకూడదు. ఇసుక అనుమతిని మాత్రం ఇప్పటికిప్పుడు రద్దు చేస్తే దాని మీద బతికేవాళ్ళకు ఇబ్బంది కాబట్టి, అది అలాగే ఉంటుంది.

ఎవరికీ అన్యాయం జరగని ఉత్తర్వు. అందరూ వంగి నమస్కారం పెట్టి బయటికి వచ్చారు.

మాస్టారి కళ్ళు తడిగా ఉన్నాయి. "గెలిచినట్టేనమ్మా. నీ వల్లే."

"లారీలు ఆగుతాయా మాస్టారూ?"

"లారీలు..." మాస్టారు సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "అవి నడుస్తాయి. కొత్త నిర్ణయం వచ్చేదాకా."

"గుడ్లు?"

"ముట్టుకోకూడదు."

"ఒడ్డున ఉన్నవే లెక్కపెడతారా?"

"ఒడ్డున ఉన్నవే."

ఆయన మొహంలో సంతోషం మెల్లగా దిగిపోయింది. లాయరమ్మాయిని వెతుక్కుంటూ గబగబా లోపలికి వెళ్ళాడు. ఆ అమ్మాయి కాయితాలు తిరగేసి, గట్టిగా దగ్గి, ఇంకో పిటిషన్ వేయాలంటే వారం పడుతుందని చెప్పింది.

గేటు దగ్గర రేంజరు ఆగి ఉన్నాడు. తిడతాడనుకుంది. తిట్టలేదు.

"నీ ఫైలు సంగతి ఇంక మర్చిపో అక్కా. నోటీసు వస్తుంది. రేపటి నుంచి హాజరు పట్టీలో నీ పేరు ఉండదు." బస్సు వచ్చేదాకా నిలబడ్డాడు. ఎక్కబోతుంటే, "నాకూ వస్తుందిలే నోటీసు" అన్నాడు.

ఆమె ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టారు. తమ్ముడు అప్పుడే లారీ వదిలి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు. ట్రిప్పుకింత అని ఇచ్చే డ్రైవరు పని. రోజుకు ఆరు ట్రిప్పులు పడితే ఇల్లు నడుస్తుంది, నాలుగే పడితే మరదలు పాలు మానేస్తుంది. ఈ సంవత్సరం నుంచి మలుపు దగ్గరి తవ్వకంలోనే తోలుతున్నాడు. అక్క కాపలా కాసిన తిన్నె మీద తమ్ముడు బండి నడపడం గురించి ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు. మాట్లాడితే అన్నం సహించదు.

"ఏమే అక్కా, కోర్టులో జడ్జిగారితో మాట్లాడేంత పెద్దదానివైపోయావటగా. మా మేస్త్రీ చెప్పాడు."

"అడిగారు, చెప్పాను."

"బళ్ళు ఆపమన్నారా?"

"లేదు."

తమ్ముడు గట్టిగా ఊపిరి వదిలాడు. మరదలు వంటింట్లోంచి తొంగి చూసి మళ్ళీ లోపలికి వెళ్ళింది. ముగ్గురూ తినడానికి కూర్చున్నారు.

"పన్నెండు రోజుల్లో ఎంత లాగగలిగితే అంత లాగెయ్యమన్నాడు మేస్త్రీ. రోజుకు పది ట్రిప్పులు. తర్వాత ఏమవుతుందో తెలియదుగా." అన్నం కలుపుతూ అక్క మొహం చూడకుండా చెప్పాడు. "పొద్దున ఆరింటికే మొదలు."

"ఏ దారిన?"

"తిన్నె మీదుగానే. చుట్టుదారైతే పది ఎలా పడతాయే?"

మరదలు రెండోసారి అన్నం పెడితే తింది. తమ్ముడు మంచివాడే. ఆమె భర్త పోయిన రోజున ఒక్క మాట కూడా అనకుండా ఆమె పెట్టె నెత్తిన పెట్టుకుని ఈ ఇంటికి తెచ్చినవాడు.

పొద్దున ఐదున్నరకు తాబేలక్క తిన్నె మీద ఉంది. రానక్కర్లేదని చెప్పారు, కానీ కాళ్ళకు చెప్పినవాళ్ళు లేరు. వెలుగు అప్పుడే వస్తోంది. నీళ్ళ అంచు నుంచి పైకి రెండు వరసల గీతలు, మధ్యలో పొట్ట ఈడ్చిన చార. ఆ జాడ వెంట నడిచింది. అది వంకర లేకుండా లారీల దారి దాకా పోయింది. చక్రాలు తొక్కి గట్టిపడిన రెండు గాడుల నడుమ, వదులు ఇసుక చదును చేసి ఉంది. దీనికి ఇంకెక్కడా చోటే దొరకలేదా అనుకుంది.

మోకాళ్ళ మీద కూర్చుని ఇసుక తీసింది. చేతులు వాటంతటవే తీశాయి. జానెడు లోతులో మొదటి గుడ్డు, తెల్లగా, ఇంకా తడిగా. చెవి మీద నుంచి పెన్సిలు తీసింది. చుక్క పెట్టబోయి ఆగింది.

తీస్తే గుడ్లు బతుకుతాయి. తీస్తే ఒడ్డున మళ్ళీ సున్నా. పన్నెండో రోజున వాళ్ళంతా గొడుగులు వేసుకుని వచ్చి, ఒడ్డంతా తిరిగి, ఈసారి సాక్షుల ఎదుట సున్నా రాసుకుని పోతారు. తీయకపోతే ఆరింటికి మొదటి బండి. పెన్సిలు పట్టుకుని చాలాసేపు అలాగే ఉంది. తర్వాత ఇసుక మెల్లగా కప్పేసింది. సంచిలోంచి కొత్త నోటుపుస్తకం తీసి, ముందు నుంచే తెరిచి, తేదీ వేసి, 'ఒడ్డున ఉన్న గూళ్ళు' అన్న గడి గీసి, అందులో ఒకటి అని రాసింది. పుస్తకం మూసి, గూటికి ముందు, దారి మధ్యలో కూర్చుంది.

బండి చప్పుడు వినగానే ఎవరిదో తెలిసింది. తమ్ముడి బండికి సైలెన్సరు పగిలి ఏడాదయింది. తిన్నె మలుపు తిరిగి, ఆమెను చూసి, హారను రెండుసార్లు కొట్టాడు. ఆమె కదలకపోయేసరికి బ్రేకు వేశాడు. బంపరుకూ ఆమెకూ మధ్య పది అడుగులుంటాయేమో.

"అక్కా, లే." కిటికీలోంచి తల బయట పెట్టాడు.

"లేవను."

"ఇది మొదటి ట్రిప్పు. పొద్దున్నే ఏంటే ఇది?"

"పక్క నుంచి పోనీయ్."

"పక్కన మెత్తటి ఇసుక. దిగబడితే ఎవడు లాగుతాడు?" వెనక్కి చూసుకున్నాడు. "నా వెనక నాలుగు బళ్ళున్నాయి. గూడుందా అక్కడ? తీసి అవతల పెట్టు. పది నిమిషాలు ఆగుతాను. నేనే బక్కెట్ పట్టుకుంటాను, సరేనా? ఎప్పుడూ చేసే పనే కదా."

"తీస్తే మళ్ళీ సున్నారా తమ్ముడూ."

తమ్ముడికి అర్థమైంది. అర్థమైనట్టు అతని మొహంలో తెలిసింది. వెనక బండివాడు హారను మీద చెయ్యి పెట్టి తీయడం లేదు. దూరంగా మేస్త్రీ ఏదో అరుస్తూ ఇసుకలో పడుతూ లేస్తూ వస్తున్నాడు.

"పన్నెండు రోజులు ఇక్కడే కూర్చుంటావా?"

అది ఆమె ఆలోచించలేదు. అన్నం, నీళ్ళు, ఎండ, ఏవీ ఆలోచించలేదు. మొదటి బండి దాకానే ఆలోచించింది.

"ఇవాళ్టికి కూర్చుంటాను" అంది.

"నా పని పోతుందే."

"నాది పోయింది."

చెప్పాక ఆమెకు భయమేసింది. నెలల తరబడి ఏమీ అనిపించని మనిషికి ఆ భయం కూడా సొంత మనిషిలాగే తోచింది. బండి ఇంజను వేడి మొహానికి తగులుతోంది. రెండు చేతులూ వెనక్కి పెట్టి గూటి మీది ఇసుకను తడిమి చూసుకుంది. కదలలేదు.

తమ్ముడు స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని ఆమెనే చూస్తున్నాడు. వెనక హారన్లు ఒకటి కాస్తా నాలుగయ్యాయి. అతను తాళంచెవి తిప్పాడు. ఇంజను ఆగిపోయింది. అతను కిందికి దిగలేదు, బండి వెనక్కీ తీయలేదు.